కౌంటు వచ్చేదాకా కాపలా

భిలాయిలో ఎవరికి రక్తం క్యాన్సర్ అని తేలినా, ఇంటివాళ్ళు నా దగ్గరికొచ్చి మొదట అడిగేది ఒకటే. "ఏటి తినిపించమంటారు?" అని. దానిమ్మకాయలా, బీట్‌రూటా, మేక కార్జమా అని. తినిపించండి, వద్దనను. కానీ తెల్లకణాలు దానిమ్మకాయలోంచి రావు. ఎముకల లోపలుండే మూలుగలోంచి వస్తాయి. ఆ మూలుగని తట్టి లేపే సూది ఒకటుంది. నా ఉద్యోగంలో చివరి సగమంతా ఆ సూది చుట్టూనే తిరిగింది. రిటైరయ్యాక కూడా దాని గురించి ఎవరైనా అడిగితే చాలు, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోతాను. ఇప్పటికి రెండు గిన్నెలు మాడబెట్టాను.

వార్డు పనికి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీలో సగం మందికి తెలుగు చదవడం రాదని నాకు తెలుసు. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే చదివించుకుని వినండి. నాకూ చదువు ఆలస్యంగానే వచ్చింది. ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పనిచేసే నా మొగుడు పోయాక హాస్పిటల్లో ఆయాగా చేరినప్పుడు నాకు ఒక్క అక్షరం రాదు. ముప్పై దాటాక సాయంకాలం క్లాసుల్లో తెలుగు నేర్చుకున్నాను. వార్డు బోర్డులు చూసి హిందీ, మందు డబ్బాలు చూసి ఇంగ్లీషు అక్షరాలు. తరవాత పది పాసై, హాస్పిటల్ వాళ్ళిచ్చిన శిక్షణతో నర్సింగ్ అసిస్టెంటునయ్యాను. నా సొంత సంగతి ఇంతే. ఇక పని గురించి మాట్లాడదాం.

ఖాళీ రోజులు

రక్తం క్యాన్సర్‌కి ఎక్కించే కీమో మందుకి కళ్ళు లేవు. వేగంగా పుట్టే కణాలు ఏవి కనబడితే వాటిని కొడుతుంది. క్యాన్సర్ కణాలు వేగంగా పుడతాయి కాబట్టి చస్తాయి. మంచిదే. కానీ జుట్టు మొదట్లో ఉండే కణాలూ వేగంగానే పుడతాయి, మూలుగలో తెల్లకణాలూ అంతే. జుట్టు ఊడితే అద్దంలో కనబడుతుంది, మనిషి ఏడుస్తాడు. తెల్లకణాలు పోతే కనబడదు. మందు ఎక్కించిన వారం పది రోజులకి, జబ్బుల నుంచి కాపాడే కణాలు రక్తంలో దాదాపు లేకుండా పోతాయి. ఆ రోజుల్ని మా వార్డులో ఖాళీ రోజులు అనేవాళ్ళం. రక్తపరీక్షలో తెల్లకణాల లెక్క మళ్ళీ లేస్తే కౌంటు వచ్చిందనేవాళ్ళం.

ఖాళీ రోజుల్లో మనిషి బాగానే ఉంటాడు. కూర్చుని టీవీ చూస్తాడు, పప్పులో ఉప్పు తక్కువైందని పెళ్ళాం మీద ఎగురుతాడు. అయితే లోపల గేటు దగ్గర కాపలావాడు లేడు. మనకి రెండు తుమ్ములతో పోయే రోగం అతన్ని సాయంత్రానికల్లా ఐసీయూలో పడేస్తుంది.

నేను ఆయాగా ఉన్న కాలంలో ఆ రోజుల్లో చేయగలిగింది తక్కువ. గది కడిగేవాళ్ళం, యాంటీబయాటిక్ ఎక్కించేవారు, మూలుగ దానంతట అది ఎప్పుడు లేస్తుందా అని చూసేవాళ్ళం. క్యాన్సర్ తగ్గుముఖం పట్టిన మనిషి జ్వరంతో పోయేవాడు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే.

అప్పుడు గ్రోత్ ఫ్యాక్టర్ సూదులు మా దాకా వచ్చాయి. మన ఒంట్లోనే ఒక పదార్థం ఉంటుందట. తెల్లకణాలు కావాలి, తయారు చెయ్యి అని మూలుగకి కబురు మోసే పదార్థం. అదే కబురుని బయట పెద్ద ట్యాంకుల్లో కంటికి కనబడని సూక్ష్మజీవుల చేత తయారు చేయించి, శుద్ధి చేసి, సన్నటి సూదిలో నింపి పంపిస్తారట. మా మిశ్రా డాక్టరు ఈ మాట చెప్పిన రోజు నేను చేతిలో ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"అంటే దానికీ ఒక ప్లాంటు ఉందా సార్?" అన్నాను.

"ఉంది. కానీ చిమ్నీ ఉండదు" అన్నాడాయన.

ఆ రోజు ఇంటికెళ్ళి పక్కింటావిడకి చెప్పాను, కూరగాయల బండివాడికి చెప్పాను. పురుగు కన్నా చిన్న ప్రాణి మనిషి ఎముకకి ఉత్తరం రాస్తోందని. బండివాడు నాకేదో అయిందనుకున్నాడు.

ఒక మాట బల్ల గుద్ది చెప్తాను. ఈ సూది క్యాన్సర్‌ని తగ్గించదు. క్యాన్సర్‌ని కొట్టేది కీమో. ఈ సూది ఖాళీ రోజుల్ని కుదిస్తుంది, తరవాతి విడత కీమో ఆలస్యం కాకుండా చూస్తుంది. అందరికీ ఇవ్వరు. ఏ రకం రక్తం క్యాన్సర్‌కి ఇవ్వాలి, దేనికి ఆగాలి అన్నది డాక్టరు చూసుకుంటాడు. బజార్లో దీన్ని తాకత్ కీ సూయీ అంటారు, బలం సూది అని. ఈ పేరు పెట్టినవాడు కనబడితే నాలుగు అంటించాలని ఉంది. ఎందుకో ముందు ముందు చెప్తాను.

లీలమ్మ సిస్టరు అడిగే ప్రశ్న

మా వార్డు ఇన్‌చార్జి లీలమ్మ సిస్టరుది కేరళ. ఆవిడ హిందీలో మంచినీళ్ళడిగినా తిట్టినట్టుండేది. నాకు సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే.

ఈ సూదులు ఫ్రిజ్‌లో ఉండాలి. మధ్య అరలో. తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. పైన మంచు గడ్డకట్టే డబ్బాలో పెడితే గడ్డకడుతుంది. దగ్గుమందు సీసాలాగ ఊపకూడదు. వేసేముందు కాసేపు బయటపెట్టి చల్లదనం పోనివ్వాలి. ఇవన్నీ వారంలో వచ్చేస్తాయి. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న అసలు విద్య వేరు.

నేను ఒక ముసలాయనకి ఇంట్లో పాటించాల్సినవన్నీ చెప్పి, "సమఝ్ గయే నా?" అన్నాను. ఆయన తలూపాడు. సిస్టరు నన్ను పక్కకి పిలిచింది.

"అర్థమైందా అని అడుగుతావేం? అర్థం కాలేదని చెప్పే మొగాడు ఈ ఊళ్ళో ఉన్నాడా? పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో చెప్పమను. కథలాగ చెప్పమను. తప్పు ఉంటే కథలో దొరుకుతుంది."

అప్పట్నుంచి కీమోకి వచ్చిన ప్రతివాళ్ళనీ అదే అడిగేదాన్ని. పొద్దున్న లేచారు, తరవాత? పళ్ళు తోముకున్నారు, తరవాత? కొంతమంది విసుక్కునేవారు. ఈవిడకి ఊసుపోక అడుగుతోందనేవారు. విసుక్కోనివ్వండి. ఆ ప్రశ్న అడగబట్టే రామినాయుడు సంగతి దొరికింది.

రామినాయుడు

రామినాయుడిది సెక్టర్ 6. ప్లాంటులో మిల్లు మెయింటెనెన్స్ ఫిట్టరు. తాత కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు. మనిషి పొడగరి, గొంతు పెద్దది, ఎదటివాడు చెప్పేది సగం వినేలోపు జవాబు చెప్పేసే రకం. మెడ పక్కన గడ్డ లేస్తే పంటి నొప్పి అనుకుని చాలాకాలం లవంగం నమిలాడు. చివరికి తేలింది లింఫోమా అని. అది కూడా తెల్లకణాల్లో పుట్టే క్యాన్సరే.

మిశ్రా డాక్టరు మొగుడికీ పెళ్ళానికీ ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఇది నయమయ్యే రకం. కానీ మూడు వారాలకో విడత చొప్పున, పూర్తి మోతాదులో, ఆలస్యం లేకుండా పడాలి. మోతాదు తగ్గించినా, వాయిదాల మీద వాయిదాలు వేసినా నయమయ్యే అవకాశం తగ్గుతుంది.

మొదటి విడత బాగానే పడింది. తరవాత ఖాళీ రోజులు వచ్చాయి, వాటితో పాటు భిలాయి మర్యాద కూడా వచ్చింది.

ఈ ఊరి సంగతి బయటివాళ్ళకి చెప్పాలి. ఇక్కడ ఒకడు మంచమెక్కితే అతని షిఫ్టు వాళ్ళంతా చూడ్డానికి వస్తారు. ఒక్కొక్కరు రారు, అందరూ కలిసే వస్తారు. డ్యూటీ దిగి, ప్లాంటు గేటు నుంచి నేరుగా, ఆ దుమ్ము బట్టల్తోనే. ఇంటికెళ్ళి స్నానం చేసి వచ్చినవాణ్ణి, వీడికి తీరిక దొరికాక వచ్చాడంటారు. రాకపోతే ఇక జన్మలో మాటలుండవు. రామినాయుడి గ్యాంగుకి పెద్ద సాహు భయ్యా. దుర్గ్ పక్క పల్లెటూరి మనిషి, మన తెలుగువాళ్ళ మధ్య పనిచేసి చేసి తెలుగు పట్టేశాడు. ఆయన వెనకాల గ్యాంగంతా వచ్చి మంచం చుట్టూ కూర్చుంది. ఒకడికి దగ్గు. రెండో రోజుకి నాయుడికి జ్వరం, మూడో రోజు ఐసీయూ.

బతికాడు. ఎలా బతికాడని డాక్టరునడిగితే, "అదృష్టం కూడా ఒక మందే, కానీ నేను రాసివ్వలేను" అన్నాడు. రెండో విడత నుంచి గ్రోత్ ఫ్యాక్టర్ రాశాడు. "కీమో అయిన మర్నాటి నుంచి, రోజుకొకటి, నేను ఆపమనేదాకా. ఈసారి కూడా ఇలాగే జ్వరం వస్తే మోతాదు తగ్గించక తప్పదు" అన్నాడు.

నాయుడి పెళ్ళాం కనకం ఆ మాట పట్టుకుంది. గదిలోంచి బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని, "తగ్గించనివ్వకప్పా. ఏటి చెయ్యమంటే అది చేస్తాను" అంది. అప్ప అంటే మా వైపు అక్క. కనకం ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. సూది వెయ్యడం నేర్పడానికి బత్తాయికాయ ఇచ్చాను, రెండోసారికే చెయ్యి కుదిరింది. "గుడ్డ కన్నా ఇదే నయం, జారదు" అంది. పొట్ట మీద ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో చూపించాను.

ముందే స్టాకు

రెండో విడత రోజు పొద్దున్నే వచ్చారు. నాయుడు తెల్ల చొక్కా వేసుకుని, పెళ్ళికొచ్చినట్టు కుర్చీలో కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. నేను మామూలుగానే మొదలెట్టాను.

"పొద్దున్న లేచారు. తరవాత?"

"లేచినాం. టీ తాగినాం. ఉప్మా తిన్నాడు" అంది కనకం. "సూది వేసీసినాను. ఆటో ఎక్కినాం."

"ఏ సూది?"

"నువ్వు నేర్పినదే. ఫ్రిజ్‌లోదే."

"అది రేపటిది కదే?"

కనకం మొగుడి వైపు చూసింది. నాయుడు కాలు మీద కాలేసుకుని చెప్పాడు. "నానే వెయ్యమన్నానప్పా. సాహుగాడూ నేనూ కూకుని ప్లాను చేసినాం. మిల్లు షట్‌డౌన్ తీసుకునే ముందు ఏటి చేస్తాం? ముందే స్టాకు పెట్టుకుంటాం. మిల్లు ఆగినా సరుకు ఆగకూడదు. ఇదీ అంతే కదా. ముందే తెల్లకణాల స్టాకు పెంచీసుకుంటే, మీ మందు ఎంత కొట్టినా ఇంకా మిగుల్తాయి. బలం సూదే కదా, ముందు పడితే ఏటి, ఎనక పడితే ఏటి?"

చూశారా, ఆ పేరు ఏం చేసిందో. బలం సూది అంటే బలం ఎప్పుడైనా మంచిదే అనుకుంటాడు ఎవడైనా. పైగా అతని లెక్క వినడానికి ఎంత బాగుందో. ప్లాంటులో బతికినవాడికి తప్ప ఆ ఆలోచన రాదు. నాకు తిట్టాలని నోటిదాకా వచ్చింది, కానీ ఎక్కడ తప్పిందో చెప్పడానికి మాట దొరకలేదు. లీలమ్మ సిస్టరుకి చెప్పాను, ఆవిడ కీమో సీసా తగిలించనివ్వకుండా డాక్టర్ని పిలిచింది.

మిశ్రా డాక్టరు కోపం తెచ్చుకోలేదు. కుర్చీ లాక్కుని నాయుడి ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు రిపేరుకి మిషన్లో దిగేముందు ఏం చేస్తావు?"

"కరెంటు తీయిస్తాను. తాళమేసి ఎర్ర ట్యాగు కడతాను. 'ముట్టొద్దు, మనిషి లోపలున్నాడు' అని."

"ఎందుకు?"

"నడుస్తున్న మిషన్లో చెయ్యెడితే చెయ్యి పోద్ది సార్."

"కీమో దెబ్బ దేనికి తగుల్తుందో తెలుసా? నడుస్తున్నదానికి. ఆగి ఉన్న కణం చాలావరకు తప్పించుకుంటుంది. విడిపోతూ, పుడుతూ ఉన్న కణం చస్తుంది. ఈ సూది మూలుగకి ఏం చెప్తుంది? నడువు అని."

నాయుడు ఎదటివాడి మాట పూర్తయ్యాక కూడా మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. కాలు మీద కాలు దింపాడు.

"అంటే, మనిషి లోపలున్నప్పుడు నేను బటన్ నొక్కీసినాను" అన్నాడు నెమ్మదిగా.

"నొక్కావు. మేం ఇంకా చెయ్యి పెట్టలేదు. అందుకని ఈ రోజు పెట్టం. సూది పని దిగాక, రక్తం చూసి ఎక్కిద్దాం."

కనకం కళ్ళు తుడుచుకుంది. ఆలస్యం కాకూడదన్నారు కదా, ఆలస్యం చేసింది మనమే కదా అని. ఒకటి రెండు రోజుల ఆలస్యం సర్దుకుంటుందని డాక్టరు చెప్పాడు, మోతాదు మాత్రం తగ్గించడం లేదన్నాడు. ఆమె కుదుటపడింది.

నా మట్టుకు నాకు ఆ రోజు పండగే. ఏళ్ళ తరబడి "కీమోకీ సూదికీ మధ్య ఒక రోజు ఎడం" అని చిలకలాగ చెప్తున్నాను. ఎందుకో నాకూ అంత బాగా తెలీదు. డాక్టరు నాలుగు ప్రశ్నలతో దాన్ని నాయుడి నోటితోనే చెప్పించాడు. తరవాత్తరవాత నేను రైల్వే వాళ్ళకి సిగ్నల్ అనీ, దర్జీలకి నడుస్తున్న మిషను కింద వేలు అనీ చెప్పడం మొదలెట్టాను. ఎదటివాడి పనిలోంచి మాట తియ్యండి పిల్లలూ. ఇంతకు మించిన విద్య లేదు.

కీమో మళ్ళీ పెట్టిన రోజు నేను వాళ్ళింటి మీదుగా వెళ్తూ లోపలికి తొంగి చూశాను. ఫ్రిజ్ హ్యాండిల్‌కి తాడుతో ఒక ఎర్ర అట్టముక్క వేలాడుతోంది. దాని మీద నాయుడి చేతిరాతతో హిందీలో, తెలుగులో: షట్‌డౌన్. రేపటిదాకా ముట్టకూడదు. కనకం చల్లమజ్జిగ తియ్యాలన్నా ఆ ట్యాగు దాటాల్సిందే.

సుత్తి దెబ్బలు

మర్నాడు ట్యాగు తీశారు, సూదులు మొదలయ్యాయి. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగుతుంటే కనకం ఫోను.

"అప్పా, నువ్వొకసారి రా. సూది వెయ్యనివ్వటం లేదు. రోగం ఎముకల్లోకి దిగిపోనాదంటున్నాడు. ఇంక అన్నీ మానేస్తానంటున్నాడు."

వెళ్ళేసరికి గుమ్మం ముందు బూట్ల కుప్ప. ప్లాంటు సేఫ్టీ బూట్లు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఖాళీ రోజులు సరిగ్గా అప్పుడే. లోపల గ్యాంగంతా మంచం చుట్టూ ఉంది, ఒకడు నాయుడి నడుముకి ఆవనూనె రాస్తున్నాడు. నాయుడు పళ్ళు బిగించి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"లెగండి" అన్నాను. "అందరూ. నూనె రాసే బావూ, నువ్వు ముందు."

సాహు లేచి నిలబడ్డాడు. "దీదీ, ఆద్మీ తక్లీఫ్ మే హై, బాధలో ఉన్నాడు. ఈ టైములో రాకపోతే మేమెందుకు?"

"పోయినసారి వచ్చారు కదా, ఏటి పట్టుకొచ్చారు? జ్వరం పట్టుకొచ్చారు. ఐసీయూ బయట బల్ల మీద కూచుని ఏడ్చింది నువ్వు కాదా? మళ్ళీ ఏడవాలనుందేటి?"

ఆ మాట గట్టిగానే తగిలింది. తగలాలనే అన్నాను. ఒక్కొక్కరే తలవంచుకుని బయటికి నడిచారు. సాహు మాత్రం గుమ్మంలో నిలబడి, "లోపలికి రాకు, ముట్టుకోకు అంటే ఎలా దీదీ. మేం వచ్చామని వాడికి తెలియాలి కదా" అన్నాడు.

మంచం మీంచి నాయుడు, కళ్ళు తెరవకుండానే, "రోడ్డు మీద నిలబడి హారన్ కొట్టరా. ఇంటాను" అన్నాడు.

ముందు జ్వరం చూశాను. లేదు. పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. నొప్పి మాత్ర వెయ్యకముందు జ్వరం చూడాలి. మాత్ర వేస్తే జ్వరం దాక్కుంటుంది, ఖాళీ రోజుల్లో జ్వరం దాక్కుంటే మనిషి దక్కడు. జ్వరం ఉంటే మాత్రా లేదు, కషాయమూ లేదు, తిన్నగా హాస్పిటలే. ఎడమ డొక్కలో పొడుస్తోందా అని కూడా అడిగాను. అలా ఉంటే ప్లీహం మీద అనుమానం, అప్పుడూ హాస్పిటలే. అదీ లేదు. నడుము, తుంటి, రొమ్ము మధ్య ఎముక, అంతే. డాక్టరుకి ఫోను చేసి చెప్పాను. మాత్ర వెయ్యమన్నాడు, సూది ఆపొద్దన్నాడు, మర్నాడు రక్తం చూద్దామన్నాడు.

నాయుడు వినలేదు. "లోపల ఎవలో కూకుని సుత్తెట్టి కొడుతున్నట్టున్నాదప్పా. మా అమ్మ ఆఖర్లో ఇలాగే ఎముకలు నొప్పి అన్నాది. అన్నాక ఎక్కువ కాలం లేదు. నాకు తెలుస్తోంది. ఇంక కనకాన్ని ఎందుకు తిప్పడం."

అప్పుడర్థమైంది, ఇతను బాధకి భయపడటం లేదు, తల్లిని తలుచుకుంటున్నాడు. ఈ గదిలో ఇక తిట్లు పనిచెయ్యవు. మంచం పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను.

"షట్‌డౌన్ అయిపోయి మిల్లు మళ్ళీ ఎత్తుతారు కదా. మొదటి రోజు ఎలాగుంటాది?"

"ఎందుకిప్పుడది?"

"చెప్పు. ఎలాగుంటాది?"

"గోల. ఆగిన మిల్లు ఒక్కసారి అందుకుంటే ఫౌండేషనంతా అదురుద్ది. కొత్తగా వచ్చినవాడు కూలిపోతోందని పారిపోతాడు." కళ్ళు తెరిచి నా వైపు తిరిగాడు. "అందుకుందంటావేటి?"

"అందుకుందో లేదో నేను చెప్పను. నీ నొప్పి కూడా చెప్పదు. నొప్పి లేకుండా కౌంటు వచ్చినవాళ్ళున్నారు, నొప్పి ఉండీ రెండ్రోజులు ఆలస్యమైనవాళ్ళున్నారు. ఈ సూదికి ఎముకల నొప్పి మామూలే. అది నీ రోగం కాదు, మీ అమ్మ రోగమూ కాదు. రేపు రక్తం చెప్తాది. అప్పటిదాకా ట్యాగు విప్పిన మిషన్ని ఆపొద్దు."

అతను చొక్కా పైకెత్తాడు. కనకం సూది తెచ్చింది. గుండీ కుడుతున్నట్టు వేసేసింది.

మర్నాడు రక్తం చూశారు. కౌంటు లేవలేదు. ఉన్నచోటే ఉంది.

నాయుడు నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. అంత కన్నా తిడితేనే బాగుండేది. డాక్టరు సూది కొనసాగించమన్నాడు, జ్వరం లేదు కదా, అదే మనకి కావాల్సింది అన్నాడు. ఆ సాయంత్రం వాళ్ళింట్లో ఉండగా రోడ్డు మీద స్కూటర్లు ఆగిన చప్పుడైంది. ఒక్క హారన్. కిటికీ లోంచి చూస్తే గ్యాంగంతా బళ్ళ మీదే ఉన్నారు, ఒక్కడూ కాలు కింద పెట్టలేదు. నాయుడు మంచం మీంచి చెయ్యెత్తాడు. ఆ కిటికీలోంచి కనబడిందో లేదో తెలీదు. బళ్ళు వెళ్ళిపోయాయి. రోజూ అదే.

తరవాతి పరీక్ష రోజు నేను ల్యాబు కిటికీ దగ్గరే నిలబడ్డాను. కాగితం చేతికిచ్చిన కుర్రది నా మొహం చూసి భయపడింది. అంకెలు చదవడం నాకు ముప్పై దాటాక వచ్చింది కానీ, ఆ అంకె చదివినంత వేగంగా ఇంకేదీ చదవలేదు. వందల్లో ఉన్నది వేలల్లోకి వెళ్ళింది. నా వయసుకి తగని పరుగు పరిగెత్తాను. లీలమ్మ సిస్టరు కారిడార్లో ఎదురై "నడువు, పరిగెత్తకు" అని తిట్టి, కాగితం లాక్కుని చూసి, తనే నా కన్నా ముందు నడిచింది. అది నడక కాదు లెండి.

నాయుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, డాక్టరు నోటితో ఒకసారి, సిస్టరు నోటితో ఒకసారి చెప్పించుకున్నాడు. ఈ విడత జ్వరం రాలేదు. మూడో విడత చెప్పిన రోజుకే, చెప్పిన మోతాదులోనే. కనకం గోడకానుకుని నవ్వుతోంది, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. నాయుడు ఫోను తీసి సాహుకి చేశాడు.

"ఒరే సాహూ. ఈ వేళ హారన్ కొట్టకు. దిగు."

తరవాత

మిగిలిన విడతలన్నీ పడ్డాయి. ఒక విడతలో నొప్పి అసలు రాలేదు. అప్పుడు కనకం, సూది పాడైపోయిందేమో ఇంకోటి వెయ్యనా అని ఫోను చేసింది. నొప్పి కొలబద్ద కాదని, రక్తమే కొలబద్ద అని మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. చెప్పిందే చెప్పడం మన ఉద్యోగం. విసుగొస్తే వేరే ఉద్యోగం చూసుకోండి.

ఇప్పుడు కొత్త సూదులొచ్చాయి. కొందరికి విడతకి ఒక్కటి వేస్తే చాలు, రోజూ పొడవక్కర్లేదు. ఇంకా ఏమేం వస్తాయో. నేను చూడలేకపోయినా మీరు చూస్తారు, మీ మీద నాకు ఈర్ష్యగా ఉంది.

నేను రిటైరై ఏడాది దాటింది. మా వీధిలో నాలుగిళ్ళ అవతల జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయనకి కీమో నడుస్తోంది. ఈ మధ్య సాయంకాలాలు ఆ ఇంటి ముందు బళ్ళాగేవి, ఒక్క హారన్ మోగేది, వెళ్ళిపోయేవి. ఎవరు నేర్పారో నేను అడగలేదు. హారన్ వినబడినప్పుడల్లా, ఇంకా ఖాళీ రోజులే కాబోలు అనుకుని చేతిలో పని ఆపేదాన్ని.

నిన్న సాయంత్రం బళ్ళు ఆగాయి. హారన్ కోసం చూశాను, మోగలేదు. బదులుగా స్టాండ్లు వేసిన చప్పుడు, బూట్లు విప్పి గుమ్మం పక్కన పడేస్తున్న చప్పుడు. ఆ గుంపులోంచి ఒక పెద్ద గొంతు వీధంతా వినబడేలా అరిచింది.

"ముందు చేతులు కడుక్కోండ్రా. కౌంటు వచ్చిందని మీ ఇష్టమేటి?"

రామినాయుడి గొంతే. నా పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.